స్పెల్లింగ్ అడిగింది

నా ఆపరేషన్‌కి ముందురోజు అమ్మ ఫోన్లో, “మీ మావయ్యకి మత్తిచ్చాక గంటలకొద్దీ ఊపిరందలేదు. మీ డాక్టరుకి చెప్పవే” అంది.

ఎప్పుడో సరదాకి చేయించుకున్న ఉమ్మి పరీక్ష నన్ను దక్షిణ భారతంలో ఓ చుక్కగా చూపి ఊరుకుంది. యూరప్‌లో జన్యువులు చాలావరకు మ్యాపునే అనుసరిస్తాయి. మన వీధుల్లో మ్యాపొక్కటే చాలదు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు చూస్తే, మా ఆంధ్ర వైశ్యులు వందకు పైగా తరాలుగా ఇరుగుపొరుగుతో దాదాపు కలవలేదని తేలింది. ఆపరేషన్లో కండరాల్ని సడలించే సక్సినైల్‌కోలిన్‌ను అరిగించే ఎంజైము లోపం మాలో ఎక్కువగా కనిపించేది అందుకే.

అమెరికా వచ్చాక కులం ఊసెత్తకూడదనుకున్నదాన్ని. మర్నాడు మత్తు డాక్టరుకి మావయ్య సంగతీ, మా కులం పేరూ రెండూ చెప్పాను. స్పెల్లింగ్ అడిగి రాసుకుంది. ఆ మందు వాడనంది.