లాలాజలం చెప్పే సమాచారం

మదర్సాలో ఫిఖ్హ్ తొలి పాఠాలలోనే ఎంగిలిని గురించిన ప్రకరణం వస్తుంది. ఏ ప్రాణి తాగగా మిగిలిన నీటితో వుజూ చేయవచ్చు, దేనితో చేయరాదు అనే వివరాలు అందులో ఉంటాయి. నోట రక్తం గానీ మరే అశుద్ధం గానీ లేనంతవరకు మనిషి ఎంగిలి పరిశుద్ధమే. స్త్రీ అయినా పురుషుడైనా, విశ్వాసి అయినా కాకపోయినా ఈ విషయంలో భేదం లేదు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ విద్యార్థులలో ఎవరో ఒకరు ముఖం చిట్లిస్తారు. మన తెలుగునాట ఎంగిలి అనే మాటకే ఒక రోత అంటుకొని ఉంది. ఎవరినైనా అవమానించదలచినవారు ముఖాన ఉమ్మివేస్తారు. అటువంటి నోటినీటిలో మన శరీరపు క్షేమసమాచారం ఉన్నదని నేటి వైద్య పరిశోధకులు చెప్పడం ఆలోచింపదగిన సంగతి.

మేము బోధించే గోపన్‌పల్లి ఒకప్పుడు బండరాళ్ళ నడుమ ఉన్న పల్లె. నేడు దాని చుట్టూ అద్దాల భవనాలు వెలిశాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మాకు పొరుగునే ఉంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాద్ ప్రాంగణానికి 2010లో పునాదిరాయి పడినది కూడా ఈ ఊరి నేల మీదనే. మా విద్యార్థుల తండ్రులలో ఎక్కువమంది ఈ భవనాలకు రాళ్ళెత్తిన మేస్త్రీలు, వాటి వాకిట నిలిచే కాపలాదారులు, ఉద్యోగులను చేరవేసే డ్రైవర్లు. "హజ్రత్, రక్తం తీయకుండా ఉమ్మితోనే రోగం కనిపెడతారట, నిజమేనా?" అని ఒక విద్యార్థి అడిగాడు. మేము వైద్యులము కాము. అయినా శిష్యుని ప్రశ్నకు తెలుసుకొని జవాబు చెప్పడం గురువు బాధ్యత గనుక తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించినది ఇక్కడ విన్నవించుకుంటున్నాము.

మన నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులో నూటికి 99 వంతులు నీరే. మిగిలిన ఆ ఒక్క వంతులో అన్నాన్ని జీర్ణింపజేసే పదార్థాలు, జిగురు, నోటిలోని సూక్ష్మజీవులు, రాలిన కణాలు ఉంటాయి. వాటితో పాటు ఎక్సోసోములు అనే అతి చిన్న బుడగలు కూడా ఉంటాయి. ఇవి 30 నుండి 150 నానోమీటర్ల పరిమాణం గలవి. అనగా తలవెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. 1980ల్లో గొర్రె, ఎలుక రక్తకణాలను పరిశీలిస్తున్న శాస్త్రజ్ఞులు వీటిని గుర్తించారు. కణం తన చెత్తను ఇలా బయట పారవేస్తున్నదని మొదట భావించారు. ఆ తరువాత తెలిసినదేమంటే, ప్రతి బుడగా తాను పుట్టిన కణానికి చెందిన మాంసకృత్తులను, జన్యుపదార్థపు తునకలను మోసుకొని పోతుంది. ఆరోగ్యకరమైన కణం నుండి వెలువడినదానికీ, క్యాన్సర్ సోకిన కణం నుండి వెలువడినదానికీ లోపలి సరుకు వేరుగా ఉంటుంది. చెత్త అనుకున్నది ఉత్తరమై తేలింది.

అయితే ఉత్తరం చదవాలంటే ముందు దానిని వేరు చేయాలి. కష్టమంతా అక్కడే. పాత పద్ధతిలో లాలాజలాన్ని గొట్టాలలో పోసి, భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలం కలిగేంత వేగంతో గిరగిర తిప్పుతారు. కవ్వంతో మజ్జిగ చిలికినట్లు ఇది గంటల తరబడి సాగే పని. ఇందులో కొన్ని బుడగలు చితికిపోతాయి, కొన్ని చేజారిపోతాయి. కొత్త పద్ధతిలో ధ్వనితరంగాలను వాడతారు. మన చెవికి వినిపించని ఆ తరంగాలు ద్రవంలోని పెద్ద రేణువులను ఎక్కువగా, చిన్నవాటిని తక్కువగా పక్కకు నెడతాయి. మన ఇళ్ళలో అమ్మలు చేటతో బియ్యం చెరిగితే నూకలు ఒకవైపు, గింజలు ఒకవైపు చేరినట్లే ఇదీ. అమెరికాలోని డ్యూక్, యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయాల పరిశోధకులు తమ సహచరులతో కలిసి 2020లో ఈ పద్ధతితో గొంతు క్యాన్సర్ రోగుల లాలాజలాన్ని పరీక్షించారు. ఆ క్యాన్సర్‌కు కారణమైన వైరస్ ఆనవాళ్ళు నూటికి 80 కేసులలో దొరికాయి. పరీక్షకు వచ్చిన రోగులు కొద్దిమందే గనుక దీనిని తొలి అడుగుగా మాత్రమే ఎంచాలి.

లాలాజలంలో రోగపు జాడ వెదకడం మన నగరానికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అందుకోసం దోమలచేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. మరుసటి ఏడాది కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో, పక్షుల మలేరియా క్రిములు దోమ లాలాజల గ్రంథులలోకి చేరుతున్నాయని రాస్ కనుగొన్నాడు. దోమ కాటుతో రోగం ఎలా పాకుతుందో లోకానికి అప్పుడు తేటపడింది. నోబెల్ బహుమానం రాస్‌కు దక్కింది. ఆ ఇద్దరు సామాన్యుల పేర్లు మన పిల్లలకు కూడా తెలియాలన్నదే మా కోరిక. కరోనా కాలంలో హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధకులు ముక్కు, గొంతుల నుండి తీసిన నమూనాను ద్రవంలో ముంచకుండా పొడిగానే పంపి పరీక్షించే సులువైన పద్ధతిని రూపొందించారు. దానికి 2020 నవంబరులో అనుమతి లభించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. క్షయ పరీక్షకు అడిగేది లాలాజలం కాదు, ఊపిరితిత్తుల లోతు నుండి దగ్గితే వచ్చే కఫం. బిడియంతోనో తెలియకనో డబ్బీలో ఉమ్మి మాత్రమే ఇచ్చినచో వ్యాధి ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

ఇంతకూ ఈ విషయం మన కుటుంబాలకు ఎందుకు ముఖ్యం? మన దేశపు పురుషులలో అత్యధికంగా కనిపించేది నోటి క్యాన్సరే. గుట్కా, ఖైనీ, జర్దా వేసిన పాన్ దీనికి ముఖ్య కారణాలు. పొగాకు లేని వట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఏనాడో తేల్చింది. దావతులలో వెండి తట్టలో పెట్టి అందించే మర్యాద గనుక మన పెద్దలకు, ముఖ్యంగా ఇంట్లోని వృద్ధ స్త్రీలకు, ఇది తప్పుగా తోచదు.

మా విద్యార్థి ఒకని తండ్రి టైల్స్ పనివాడు. ఎండలో ఆకలి తెలియకుండా ఉండేందుకు ఏళ్ళ తరబడి గుట్కా నమిలాడు. క్రమంగా అన్నం ముద్ద పట్టేంత కూడా నోరు తెరుచుకోలేదు. బుగ్గ లోపల ఒక తెల్లమచ్చ. వైద్యుడు చిన్న ముక్క తీసి పరీక్షించాలన్నాడు. "మౌల్వీ సాబ్, కత్తి తగిలితే రోగం ఒళ్ళంతా పాకుతుందంటారు. ఆ ఉమ్మి పరీక్షేదో వస్తుందట కదా, అది వచ్చేదాకా ఆగుతాను" అన్నాడు. "భాయ్, ఆ పరీక్ష మన ఆసుపత్రులకు ఇంకా రాలేదు. నీ నోటిలోని మచ్చ దాని కోసం ఆగదు. ముక్క తీసినంత మాత్రాన రోగం పాకదని వైద్యులే చెబుతున్నారు" అన్నాము. అతని భార్య కూడా పట్టుబట్టింది. పరీక్షలో క్యాన్సర్ తొలి దశలో ఉన్నట్లు తేలింది. శస్త్రచికిత్స జరిగింది. నేడు మెత్తని అన్నం తింటున్నాడు, కొడుకు పాఠం అప్పగిస్తుంటే వింటున్నాడు. అల్లాహ్‌కే సర్వస్తోత్రాలు.

రమజాన్‌లో ఇటువంటి పరీక్షలు చేయించుకోవచ్చునా అని కొందరు అడుగుతారు. లాలాజలాన్ని బయటికి ఇవ్వడం వలన రోజా భంగం కాదు, లోపలికి పోయేది ఏమీ లేదు గనుక. అయితే ఉప్పునీరు పుక్కిలించి ఇచ్చే పరీక్ష అయితే, నీరు గొంతు దిగే ప్రమాదం ఉన్నది గనుక ఇఫ్తార్ తరువాతకు వాయిదా వేసుకోవడం మేలు. ఆలస్యం ప్రమాదకరమని వైద్యుడు చెప్పినచో అనారోగ్యవంతునికి ధర్మం ఇచ్చిన మినహాయింపు ఉండనే ఉంది.

దైవప్రవక్త (స) మిస్వాక్‌ను ఎంతగా ప్రోత్సహించారో హదీసులు చదివినవారందరికీ తెలుసు. రోజుకు ఐదుసార్లు వుజూలో నోరు పుక్కిలించేవారికి తమ నోటిని తాము చూసుకొనే అవకాశం ఐదుసార్లు లభిస్తుంది. వారానికి ఒకసారి వెలుతురులో అద్దం ముందు నిలబడి బుగ్గల లోపల, నాలుక కింద చూసుకోండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, కారం తగిలితే మంట, మూడు వేళ్ళు నిలువుగా పట్టనంతగా బిగిసిన నోరు - వీటిలో ఏది కనిపించినా దంతవైద్యుని వద్దకు గానీ ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళ్ళండి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి పేదలకు సేవ చేస్తూనే ఉంది.

సూక్ష్మరేణువులను చదివే పరీక్ష రేపు మన వీధి చివరి ల్యాబుకు కూడా రావచ్చు, ఇన్షా అల్లాహ్. దానిని కనిపెట్టేవారిలో మన బిడ్డలు ఉండాలని దుఆ చేద్దాము, వారిని చదివిద్దాము. అంతవరకు మన కంటికి కనిపించే మచ్చను మనము చూడనట్లు ఉండరాదు.