పుస్తకంలో లేని 61 రోజులు

ఫైనాన్షియల్ ప్లానింగ్ పరీక్ష రాస్తానంటే అందరూ అడిగేది ఒకటే, "ఎంతమంది పాసవుతారు?" అమెరికాలో సీఎఫ్‌పీ రాసేవాళ్లలో ఈమధ్య 60 నుంచి 70 శాతం మధ్యే గట్టెక్కుతున్నారు. నేను కట్టింది మన ఎన్‌ఐఎస్‌ఎం పెట్టే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ పరీక్ష, లెవెల్ 1. మూడు గంటలు, 150 మార్కులు, పాసవడానికి 60 శాతం. జవాబు తప్పితే ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత.

ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, వడ్డీ లెక్కలు భయపెట్టలేదు. నన్ను ఆపింది ఎమర్జెన్సీ ఫండ్. కొన్ని నెలల ఖర్చు ఎప్పుడూ చేతిలో ఉండాలంటారు. మా యానాంలో వేటకెళ్లే ఇళ్లకి ఆ కష్టం తేదీ చెప్పి మరీ వస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. వెంటనే స్కూలు ఫీజులు. పక్కింటి బాబాయ్ ఏటా పిన్ని గాజులు తాకట్టు పెట్టేది అప్పుడే.

"నీ పుస్తకంలో మాకేమైనా ఉందేంట్రా?" అన్నాడోసారి.

ఇద్దరం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. నెలనెలా ఒకే మొత్తం కట్టే ఆర్‌డీ ఆయనకి కుదరదు. వల బరువుగా వచ్చిన రోజే కొంత పక్కన పడెయ్యాలి. ఆ లెక్కే రాసిచ్చాను.

అప్పట్నుంచి ప్రతి చాప్టరూ మా వీధిలో ఒక ఇంటిని తలచుకుని చదివాను. కేస్ స్టడీ ప్రశ్నలు తేలికయ్యాయి, పాసయ్యాను కూడా. కానీ పిన్ని గాజులు ఈ ఏప్రిల్‌లో చేతికే ఉంటే, నాకు అసలు రిజల్టు అదే.