వొత్తులు కుదిరిన రాత్రి

నిన్న రాత్రి హార్ఫ్‌బజ్‌ను సోర్సు నుంచి బిల్డ్ చేశాను. ఫాంటులోని నియమాలు చదివి, ఏ గ్లిఫ్ (అక్షర రూపం) ఎక్కడ కూర్చోవాలో తేల్చే లైబ్రరీ అది. ప్యాకేజీ అయితే ఒక్క కమాండుతో వచ్చేసేది. కానీ నా భాష అక్షరాలు కుదురుకునే చోటుని ఒక్కసారైనా నా చేతులతో తయారుచేసుకోవాలనిపించింది.

బిల్డును సిద్ధం చేసే మెసన్ కావలసినవన్నీ వెతికి, ఫాంటులను చదివే ఫ్రీటైప్ లైబ్రరీ దొరకలేదంది. దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేశాక, బిల్డును నడిపే నింజా ఒక్కో ఫైలూ కంపైల్ చేసుకుంటూ పోయింది. ఆ వరసలు కదులుతుంటే చూపు తిప్పుకోలేకపోయాను. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా నేను టైపు చేసే ప్రోగ్రాము పాత లైబ్రరీనే పట్టుకుంది. లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే గానీ కొత్తదాని జాడ దానికి తెలియలేదు.

అప్పుడు ‘శాస్త్రం’ అని టైపు చేశాను. సకారానికి తవొత్తు, రవొత్తు, రెండూ వాటి వాటి చోట. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.