మడత పెట్టిన చోటు

మా మామయ్య షాపులో ‘సెక్రటరీ’ నవల కాపీలు మూడు ఉండేవి. మూడూ ఒకే అచ్చు, మూడింటికీ గోధుమరంగు కాగితం అట్టలే. అయినా మిషను పిన్ని వచ్చినప్పుడల్లా, “రెండోది ఇవ్వరా అబ్బాయ్” అనే అడిగేది. అది బయటికి వెళ్లి ఉంటే మిగతా రెండూ ముట్టుకునేది కాదు. “వచ్చాక చెప్పు” అని ఉత్తచేతులతో వెళ్లిపోయేది.

తెనాలి గంగానమ్మపేటలో ఓ ఇంటి వీధి గదిలో పెట్టిన అద్దె పుస్తకాల షాపు మాది. 1981 నుంచి 1984 దాకా, నేను ఇంటర్, ఆ తర్వాత డిగ్రీ చదువుకునే రోజుల్లో, సాయంత్రాలు అక్కడ కూర్చునేవాణ్ని. డిపాజిట్ 10 రూపాయలు, అద్దె రోజుకి 25 పైసలు, కొత్త నవలైతే 50. కింది అరల్లో చందమామలు, బాలమిత్రలు. చేతికందే వరసలో యద్దనపూడి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, యండమూరి, మల్లాది. పై అరలో మధుబాబు షాడోలు. ఇవి కాక వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విడదీసి, సూదీ దారంతో కుట్టి బైండు చేయించినవి ఓ యాభై ఉండేవి. వాటిలో కథ పక్క పేజీలో ఆగిపోయిన జోకో, సగం వంటకమో కనబడేది. ఆ మిగతా సగం ఏమైందని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

రెండో కాపీ సంగతికొస్తే, దాని మార్జిన్ల నిండా పెన్సిలు రాతలే. ఎవరో ఒకావిడ, కథానాయిక జయంతి ఆఫీసులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి వదలకుండా రాసుకుంటూ పోయింది. ‘ఈ జీతంలో బస్సు చార్జీలెంత, బియ్యానికెంత?’ అని ఒకచోట. ‘ఒక్క ఉత్తరమైనా టైపు కొట్టిందా ఈ పిల్ల?’ అని ఇంకోచోట. కథానాయకుడు రాజశేఖరం కారు దగ్గర, ‘నేనైతే ఎక్కను. మా ఆఫీసులో ఎక్కినమ్మాయి గురించి నాలుగేళ్లు చెప్పుకున్నారు’ అని. ఆఖరున ఇద్దరూ ఒకటయ్యాక, అచ్చు అయిపోయిన చోట కింద ఒక్కటే మాట: ‘ఉద్యోగం?’

పుస్తకాల మీద రాస్తే రూపాయి జరిమానా అని మామయ్య అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. ఖాళీగా ఉన్నప్పుడు రబ్బరు పట్టుకుని పిచ్చి రాతలన్నీ చెరుపుతూ కూర్చునేవాడు కూడా. ఈ కాపీ జోలికి మాత్రం పోలేదు. ఎందుకని అడిగితే, “అద్దె ఎక్కువ వస్తోంది దీనికి” అన్నాడు. అది నిజమే. రిజిస్టరు నేనే రాసేవాణ్ని కాబట్టి నాకు తెలుసు.

మిషను పిన్ని రవికెలు కుట్టేది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. కొలతలు రాసుకోవడానికి తప్ప పెన్సిలు పట్టిన మనిషి కాదు. ఓ ఏడాది వానాకాలంలో పుస్తకం తిరిగొచ్చినప్పుడు పేజీలు సరిచూస్తుంటే, బస్సు చార్జీల రాత కింద వంకర అక్షరాలతో ఇంకో రాత కనిపించింది. ‘ఎంతయితేనేం, నీ చేతి డబ్బు గదమ్మా.’ ఆ తర్వాత కారు దగ్గర: ‘వానొస్తే ఎక్కాలి మరి.’ అప్పటికి నాకు అర్థమైంది, పిన్ని నవల కోసం రావడం లేదు. నవల ఎప్పుడో ఆమెకు కంఠతా వచ్చేసింది. ఆ మొదటి ఆవిడతో మాట్లాడటానికి వస్తోంది.

మొదటి ఆవిడ ఎవరో కూడా తర్వాత తెలిసింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి నేర్పే ఆవిడ. ఓసారి రిజిస్టర్లో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టింది, అదే చేతిరాత. పెళ్లికి ముందు విజయవాడలో స్టెనోగా చేశాననీ, పెళ్లయ్యాక మానేయాల్సొచ్చిందనీ మామయ్యతో ఎప్పుడో అంది. ఓ సాయంత్రం ఆవిడ ఆ కాపీ తెచ్చి బల్ల మీద పెడుతుండగానే మిషను పిన్ని వచ్చింది. “అయిపోయిందాండీ?” అని అడిగి ఆవిడ చేతిలోంచే పుస్తకం అందుకుంది. ఇద్దరూ ఒకరికొకరు ఎవరో తెలియకుండానే చెరో వైపు వెళ్లిపోయారు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే రాయడం ఆపేస్తారేమోనని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం మంచిదైందో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇద్దరూ మంచి స్నేహితులయ్యేవారు.

‘సెక్రటరీ’ రాసిన యద్దనపూడి సులోచనారాణి నవలల్ని మేధావులు కలల బేరమని కొట్టిపారేస్తున్న రోజులవి. ‘సెక్రటరీ’ 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. అయినా అది చదివేవాళ్లంటే అందరికీ చులకనే. నేను అప్పుడే ‘మహాప్రస్థానం’ చదివాను, కొడవటిగంటి ‘చదువు’ చదివాను. ఓ రోజు పిన్నితో, “ఇవన్నీ కలలు పిన్నీ, ఇందులో జీవితం లేదు” అనేశాను. ఆమె డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. “రోజూ పద్నాలుగు గంటలు మిషను తొక్కుతానురా. జీవితం సంగతి నాకు నువ్వు చెప్పాలా? నాకు తెలియనిది చెప్పే పుస్తకం ఏదన్నా ఉంటే ఇవ్వు” అంది. చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆ మాట అన్నందుకు నలభై ఏళ్లుగా బాధపడుతున్నాను.

అప్పట్నుంచి ‘పుస్తకం ఎలా ఉంది’ అని ఎవర్నీ అడగడం మానేశాను. ‘బాగుంది’, ‘ఫర్వాలేదు’ తప్ప ఇంకో జవాబు రాదు. దానికి బదులు మడతలు చూసేవాణ్ని. అద్దె పుస్తకంలో ఎవరు ఎక్కడ ఆగారో పేజీ మూల మడతే చెబుతుంది. షాడో పుస్తకాల్లో మడతలుండవు, ఒక్క బిగిన చదివేస్తారు. ప్రేమ నవలల్లో ఒకే చోట నాలుగైదు మడతలు ఒకదాని మీద ఒకటి పడి కాగితం చిరిగిపోయేది. అక్కడ ఆగి మళ్లీ మళ్లీ చదివారన్నమాట.

చలం ‘మైదానం’ మాత్రం బల్ల కింద ఉండేది. చలం పెరిగిన ఊరు మాది, అయినా ఆ పుస్తకం ఎవరూ పేరుపెట్టి అడిగేవారు కాదు. “ఆ పుస్తకం” అనేవారు. కాలేజీ కుర్రాళ్లు అందులో వెతికేది ఏమిటో అందరికీ తెలిసిందే. పోస్టాఫీసు వీధి మామ్మగారు మాత్రం మనవరాలి చేత తెప్పించుకుని చదివి, తానే స్వయంగా తిరిగివ్వడానికి వచ్చింది. ఆవిడ తిడుతుందని మామయ్య లోపలికి తప్పుకున్నాడు. ఆవిడ అడిగింది ఇదీ: “ఆ పిల్ల రాజేశ్వరి లేచిపోయింది, గుడిసెలో ఉంది, సరే. మరి నీళ్లెవరు మోశారు నాయనా? వంటెవరు చేశారు? దాని సంగతి ఎక్కడా సరిగ్గా చెప్పడే!” చలం మీద తర్వాత నేను చాలా వ్యాసాలు చదివాను. ఈ ప్రశ్న అంత సూటిగా అడిగిన వ్యాసం నా కంటపడలేదు.

ఇక ‘తులసిదళం’. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ఆ నవల ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వస్తున్నప్పుడే ఊరంతా అందులోని కాష్మోరా అనే క్షుద్రశక్తి పేరు. పుస్తకంగా వచ్చాక మా షాపులో నాలుగు కాపీలు కొన్నా చాలలేదు, పేర్లు రాసుకుని వరస ప్రకారం ఇచ్చాం. చేతబడి బారిన పడ్డ చిన్నపిల్ల కథ అది. పిల్ల జబ్బుకి మంత్రగాళ్లు చెప్పే కారణం ఒకటి, చదువుకున్నవాళ్లు వెతికే కారణం ఇంకొకటి. రెండు దారులూ పక్కపక్కనే నడుస్తాయి. రాత్రిళ్లు పెరట్లోకి వెళ్లడానికి భయపడిన మగవాళ్లని నేనెరుగుదును.

మా వీధిలో ఓ రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవారు. హేతువాది కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిని చిన్నప్పుడు చూశానని, ఆయన ఇల్లు సూతాశ్రమంలో ఆయన మాటలు విన్నానని చెప్పేవారు. ‘తులసిదళం’ రెండు రోజుల్లో చదివేసి, నాలుగు పేజీల ఉత్తరం రాసి అట్ట లోపల అంటించి తెచ్చారు. “చదివించే శక్తి ఉన్నవాడు, ఆ శక్తితో ఇదా చేసేది?” అని ఆయన కోపం. పల్లెల్లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని పళ్లూడేలా కొడుతున్నారనీ, చంపేస్తున్నారనీ పేపర్లలో వస్తున్న రోజులే అవి. ఆయన వాదన నాకు న్యాయంగానే తోచింది, ఇప్పటికీ తోస్తుంది. రంగనాయకమ్మ ఆ నవలని ఖండిస్తూ ఏకంగా పుస్తకమే రాశారు. అది తెప్పించి పక్కనే పెట్టాలని మాస్టారు పట్టుబట్టారు. మామయ్య తెప్పించి రెండూ కలిపి పురికొసతో కట్టి, ఒక పుస్తకం అద్దెకే రెండూ ఇచ్చాడు. చాలామంది ఇంటికెళ్లి కట్టు విప్పి ఒకటే చదివి, మళ్లీ కట్టి తెచ్చేవారు. ముడి చూస్తే తెలిసిపోయేది.

మా పక్క సందులో ఒక ముసలామె ఉండేది, చదువు రాదు. కోడలు చదువుతుంటే అరుగు మీద కూర్చుని వినేది. కథ పూర్తయిన వారానికి, వాళ్ల గేదె పాలివ్వడం మానేసింది. ఎదురింటి ఒంటరి ఆడమనిషే ఏదో చేసిందని ముసలామె అందరితో అనడం మొదలుపెట్టింది. ఎదురింటామె పొద్దున్నే పంపు దగ్గరికి వస్తే మిగతావాళ్లు బిందెలు పక్కకి జరుపుకునేవారు. నేను కళ్లారా చూశాను. ఆమె తర్వాత మధ్యాహ్నం ఎండలో, పంపు దగ్గర ఎవరూ లేనప్పుడు వచ్చి పట్టుకునేది. మాస్టారి ఉత్తరం అట్ట లోపల ఉన్న కాపీనే ఆ ఇంటికి వెళ్లింది.

అదే కాపీ ఆ తర్వాత తీసుకున్నది మా వెనకింటి అక్క. ఏడేళ్ల కూతురికి మూర్ఛలొచ్చేవి. అత్తగారివైపు వాళ్లు పక్క ఊరి భూతవైద్యుడి దగ్గరికి తిప్పుతున్నారు. పిల్ల మెడలో రెండు తాయెత్తులు, మొలకి మూడు తాళ్లు. అక్క మూడో రోజే పుస్తకం తెచ్చేసింది. సగానికి కాస్త ఇవతల మడత. “నావల్ల కావట్లేదు అబ్బాయ్” అని, అద్దె ఇచ్చి వెళ్లిపోయింది. పది రోజుల తర్వాత చేతిలో ఏమీ లేకుండా వచ్చి గడప దగ్గర నిలబడింది.

“ఆ పిల్ల బతుకుతుందా?”

“బతుకుతుందక్కా.”

“ఎవరు బతికిస్తారు? మంత్రగాడా, డాక్టరా?”

ఏం చెప్పాలో తోచలేదు. పుస్తకం రెంటికీ చోటిచ్చింది, ఇదీ అని ఒకదాని మీద వేలు పెట్టలేం. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

“డాక్టరేనక్కా” అన్నాను.

ఆ నెలలోనే పిల్లని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అత్తగారితో పెద్ద గొడవే అయింది, రెండు నెలలు పుట్టింట్లో ఉంది. గార్డినాల్ మాత్రలు రాసిచ్చారనీ, పూట తప్పకుండా వేస్తున్నాననీ మా అమ్మతో చెప్పింది. మూర్ఛలు తగ్గాయి. ఒక పుస్తకం, ఒకే కాపీ, ఒకచోట పంపు దగ్గర బిందెలు జరిగేట్టు చేసింది, ఇంకోచోట గడప నుంచి తల్లిని గుంటూరు బస్సెక్కించింది. బస్సెక్కించింది పుస్తకమా, దాని గురించి నేను చెప్పిన అబద్ధమా అన్నది నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. మాస్టారికి చెబితే, “మంచి పని చేశావు” అన్నారు. ఆయన అలా అనడం నాకు సంతోషంగా లేదు. రచయిత రాయనిది రాసినట్టు చెప్పాను కదా.

టీవీ వచ్చాక ముందు ఆడవాళ్లు తగ్గారు, తర్వాత కుర్రాళ్లు. 1995లో మామయ్య షాపు మూసేసి పుస్తకాలు కాటాకేశాడు. నేను రెండు మాత్రం తెచ్చుకున్నాను: ‘సెక్రటరీ’ రెండో కాపీ, మాస్టారి ఉత్తరం ఉన్న ‘తులసిదళం’. ఉద్యోగ రీత్యా హైదరాబాదులో స్థిరపడ్డాను. మిషను పిన్ని పోయిందని తెలిసిన రోజు ఆ మార్జిన్లన్నీ మొదట్నుంచి చివరిదాకా చదివాను. ఆఖరి పేజీలో ‘ఉద్యోగం?’ అన్న మాట కింద ఆమె ఏమీ రాయలేదు. పెన్సిలు మొన పెట్టి తీసేసినట్టు ఒక చుక్క ఉంది, అంతే.

2018 మేలో యద్దనపూడి సులోచనారాణి కాలిఫోర్నియాలో పోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే పెళ్లికని తెనాలి వెళ్లాను. భోజనాల దగ్గర వెనకింటి అక్క కనిపించింది. జుట్టంతా నెరిసింది. కూతురు ఒంగోలులో టీచరు. మాటల్లో యద్దనపూడి సంగతి, షాపు సంగతి వచ్చాయి. “ఆ ‘తులసిదళం’ ఏమైంది అబ్బాయ్?” అంది. నా దగ్గరే ఉందన్నాను. “అయితే పంపించు. అప్పుడు సగంలో వదిలేశాను, మిగతా సగం ఇప్పుడు చదువుతాను” అంది.

కొరియర్లో వేసే ముందు తెరిచి చూశాను. మడత అలాగే ఉంది. విప్పబోయి, విప్పకుండా పంపాను.

పదకొండో రోజున ఫోను చేసింది.

“చదివానురా. నువ్వు చెప్పినట్టు లేదేం ఇందులో?”

“లేదక్కా” అన్నాను.

కాసేపు అవతల ఏమీ వినబడలేదు. తర్వాత, “ఆ లెక్కల మాస్టారి ఉత్తరం కూడా చదివాను. అమ్మాయికి చూపిస్తా, సెలవులకి వస్తుంది” అంది. “ఇంకేమన్నా ఉన్నాయా నీ దగ్గర ఆ షాపువి?”

ఇంకొక్కటే ఉందని చెప్పాను. మార్జిన్లలో రాతలున్నాయనీ, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవమనీ చెప్పి, మర్నాడే పంపాను.