గీజరు మూత లోపలి చీటీ

ఆ జనవరిలో జోధ్‌పూర్‌లో ఒకరోజు తెల్లవారుజామున గీజరు స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది.

"వేసవిలో ఎలాగూ బదిలీ వస్తుంది, దీనికి డబ్బులెందుకు? గ్యాసు మీద కాచుకుందాం" అన్నాను. పిల్లలూ, ఈ మాట మీ ఇళ్ళలోనూ వినే ఉంటారు.

వారం రోజులు అలాగే గడిచాయి. ఎనిమిదో రోజు గిన్నె జారి మా అమ్మాయి పాదం మీద వేణ్ణీళ్ళు చిందాయి. బొబ్బ చిన్నదే. కానీ ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను.

ఆయన మెయిన్ ఆపి, నీళ్ళు వంపేసి, ఎలిమెంట్ బయటికి లాగాడు. దాని చుట్టూ తెల్లగా సున్నపు పెచ్చు! మాకు వచ్చే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కాగినప్పుడల్లా అవి పొరలుగా పేరుకుంటాయి. పొర మందమైతే వేడి నీటికి సరిగా చేరదు, ఎలిమెంటే మాడి పగులుతుంది. ఎర్తింగు బాగుంది కనుక ఎంసీబీ పడి మమ్మల్ని కాపాడింది.

మూత లోపల ఒక చీటీ అంటించి ఉంది. హిందీలో "ఎలిమెంట్ మార్చాం" అని, కింద తేదీ. మాకు ముందున్న కుటుంబం రాసింది. వాళ్ళూ బదిలీల మీద తిరిగేవాళ్ళే. అయినా బాగుచేయించి వెళ్ళారు. రెండు చలికాలాలు మేము స్నానం చేసింది వాళ్ళ పుణ్యాన!

కొత్త ఎలిమెంట్ వేయించాను. వేడి పెరిగితే సున్నం త్వరగా పడుతుందని థర్మోస్టాట్ 50 డిగ్రీల దగ్గర పెట్టించాను. ఆ తేదీ కింద మా అమ్మాయి మా తేదీ రాసింది.

అనుకున్నట్టే వేసవిలో బదిలీ వచ్చింది. కొత్త గీజరులాంటి ఇల్లు అప్పగించి బయల్దేరాం.