గుమ్మం ముందు గీత

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కవితలు నాకు రావు. అందుకే చదువుకున్న ఫిజిక్సులోంచే నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది పర్ణశాల. నాన్న గోదావరి రేవులో యాత్రికులను పడవలో తిప్పుతాడు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనొక్కడినే. ఎమ్మెస్సీ అయ్యాక క్షిపణుల లాబ్‌లో చేరాలని గేట్ రాశాను. రాలేదు. ఇంటికెళ్లి ఎవరికీ మొహం చూపించలేక పడవలో కూర్చున్నాను.

"అసలు ఆ లాబ్‌లో ఏం చేస్తార్రా?" అన్నాడు నాన్న.

ఓడల్ని కాపాడే క్షిపణులు కూడా చేస్తారని చెప్పాను.

"ఓడ మీదికి వచ్చేది దూరాన్నుంచే కనపడదా?"

"కనపడదు నాన్నా. భూమి గుండ్రం కదా, నీళ్లకు ఆనుకుని వచ్చేది ఆ వంపు చాటున ఉంటుంది."

లెక్క చెప్పాను. రాడార్ 20 మీటర్ల ఎత్తులో ఉండి, శత్రు క్షిపణి నీటికి 5 మీటర్ల పైన వస్తుంటే, దాదాపు 27 కిలోమీటర్ల దగ్గరికి వస్తే గానీ కనపడదు. సెకనుకు 300 మీటర్ల వేగమైతే మనకు మిగిలేది 90 సెకన్లు. 1982 మే 4న ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌ను అలాంటి క్షిపణే కొట్టింది. 20 మంది చనిపోయారు. దూరాన ఆపలేనిదాన్ని దగ్గరలోనైనా ఆపాలి. మన ఊరి కథలో లక్ష్మణుడు గుమ్మం ముందు గీసిన గీత లాంటిదే ఈ తక్కువ దూరపు క్షిపణి.

"మనవాళ్లు చేశారా?"

1983లో హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో త్రిశూల్ మొదలైంది. దాని దూరం 9 కిలోమీటర్లు. ఏళ్లు గడిచినా సైన్యంలో చేరలేదు. నౌకాదళం ఇజ్రాయిల్ నుంచి బరాక్-1 కొనుక్కుంది. అదే లాబ్ మరికొన్ని లాబ్‌లతో కలిసి, అస్త్ర క్షిపణి ఆధారంగా వీఎల్-ఎస్ఆర్‌శామ్ తయారుచేసింది. ఇది నిలువునా పైకి లేచి, గాలిలోనే లక్ష్యం వైపు తిరుగుతుంది. అందుకే ఏ దిక్కు నుంచి వచ్చినా లాంచర్‌ను తిప్పే పని లేదు. చివర్లో తన సొంత రాడార్‌తో వెతుక్కుని కొడుతుంది. 2022 జూన్ 24న ఒడిశాలోని చాందీపూర్ తీరంలో నౌక మీంచి పరీక్షిస్తే లక్ష్యాన్ని కొట్టింది.

నాన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ముప్పై తొమ్మిదేళ్లా! ఆ మొదటిది ఏమైంది?"

"అది ఇక రాలేదు నాన్నా. చేసినవాళ్లు నేర్చుకున్నది మిగిలింది."

చాలాసేపు మాట్లాడలేదు. చెల్లి ఇంటర్‌లో ఉంది, ఇంట్లో డబ్బులకు ఎంత ఇబ్బందో నాకు తెలుసు. రేవు దగ్గర పడవ కడుతూ, "ఇంకో ఏడాది చదువుకో బిడ్డా, నేను చూసుకుంటా" అన్నాడు.

తమ్ముళ్లారా, ఈ ఫిబ్రవరిలో మళ్లీ రాస్తున్నాను. వస్తుందో రాదో తెలియదు. వచ్చినా రాకపోయినా సెలవుల్లో హాస్టల్‌కు వస్తాను. ఫిజిక్సులో సందేహాలుంటే నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. సప్లిమెంటరీ రాసేవాళ్లు సిగ్గుపడకుండా ముందు వరుసలో కూర్చోండి. మీ పక్కనే నేనూ కూర్చుంటాను.

మీ అన్న,
హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్), పర్ణశాల