లేపాక్షి దారిలో సైకిలు సీటు సంగతి

బెంగుళూరు తెలుగువారికి లేపాక్షి కొత్త ఊరు కాదు. ఊరినుండి చుట్టాలు వచ్చినప్పుడైనా ఒకసారి వెళ్ళి వీరభద్రస్వామిని, ఏకశిలా నందిని, వేలాడే స్తంభాన్ని చూసి రాని కుటుంబాలు మనలో అరుదు. అందరం బస్సులోనో కారులోనో వెళ్ళినవారమే. ఈమధ్య మేము నలుగురం ఆడవాళ్ళం సైకిళ్ళ మీద వెళ్ళాము. ఇక్కడికి సుమారు 120 కిలోమీటర్లు. ఆ ప్రయాణానికి సిద్ధపడటంలో ఎండకన్న, లారీలకన్న మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన వస్తువు ఒకటున్నది. అది సైకిలు సీటు. నవ్వకండి, సంగతి వినండి.

మాలో పెద్దవారు మా వదినగారు. ఏబది దాటాక సైకిలు నేర్చుకొని, ఆదివారాలు కబ్బన్ పార్కులో తిరిగి, నంది కొండ పాదం దాకా పోయివచ్చిన మనిషి. అటువంటి ఆమె ఉన్నట్టుండి రెండు నెలలపాటు సైకిలుకు తాళం వేసి కూర్చున్నారు. అడిగితే మోకాళ్ళ నొప్పులనేవారు. ఒకనాడు వంటింట్లో మేము ఇద్దరమే ఉన్నప్పుడు నెమ్మదిగా చెప్పారు. "మోకాళ్ళు కాదమ్మా. కూర్చునేచోట ఒరుసుకొని పుండ్లయినాయి. ముందువైపు తిమ్మిరెక్కుతున్నది. ఈ మాట ఎవరితో చెప్పుకోను?" దుకాణంలో అడిగితే మెత్తని జెల్లు తొడుగు ఒకటి చేతికిచ్చి, అలవాటయ్యేదాకా ఓర్చుకోమన్నారట. తొడుగు వేశాక బాధ ఎక్కువైందే గాని తగ్గలేదు.

అట్లా ఎందుకవుతుందో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. మనం కూర్చున్నప్పుడు శరీరభారం మోయవలసినవి కటి అడుగున ఉండే రెండు ఎముకలు. పల్లెలో నాపరాతి అరుగుమీద గంటలకొద్దీ కబుర్లు చెప్పుకొనే అమ్మలక్కలను చూడండి. అరుగు మెత్తగా ఉన్నదా? ఎముకలకు ఆధారం దొరికింది, అంతే. మరీ మెత్తని సీటులో ఆ ఎముకలు దిగబడిపోతాయి. మధ్యనున్న మెత్తదనం పైకి ఉబ్బి, నొక్కుడు పడకూడని సున్నితమైన చోట నొక్కుతుంది. పావుగంట ప్రయాణానికి అది హాయిగానే ఉంటుంది. అయిదారు గంటలకు శిక్ష అవుతుంది.

అందుచేత చూడవలసినది మెత్తదనం కాదు, వెడల్పు. సాధారణంగా స్త్రీలకు ఈ ఎముకల మధ్య దూరం పురుషులకన్న కొంచెం ఎక్కువ. అయినా మనిషికీ మనిషికీ తేడా ఉన్నది గనుక, ఆడవారి సీటు అని చీటీ అంటించినంత మాత్రాన అది మనకు సరిపోతుందని లేదు. ఇంట్లోనే కొలుచుకోవచ్చు. సామాను వచ్చే గరుకు అట్టపెట్టె ముక్కను గట్టి బల్లమీద వేసి, పలుచని బట్టలతో దానిమీద కూర్చొని, కొంచెం ముందుకు వంగి, ఒక నిమిషం తరువాత లేవాలి. అట్టమీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడుముల మధ్య దూరానికి సుమారు 2 సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు. మా వదినగారికి 13 వచ్చింది. అంటే 15 సెంటీమీటర్ల సీటు కావాలి. నిటారుగా కూర్చొని తొక్కేవారికి ఇంకొంచెం వెడల్పు, బాగా వంగి తొక్కేవారికి కొంచెం తక్కువ సరిపోతుంది.

నడుమ పల్లం గాని కోత గాని ఉన్న సీట్లు చాలామంది స్త్రీలకు సుఖమిస్తాయి. ఇది నిన్నమొన్నటి ఊహ కాదు. 1890 ప్రాంతంలో పాశ్చాత్యదేశాల స్త్రీలు సైకిలెక్కినప్పుడే నడుమ కోతపెట్టిన సీట్లు అమ్మకానికి వచ్చినవి. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఇంజనీరు స్త్రీల కొలతలకు తగిన సైకిళ్ళ కంపెనీయే పెట్టింది. తరువాత ఆమె కంపెనీ సీట్లకూ పేరు వచ్చింది.

సీటు కొన్నంతమాత్రాన పని కాలేదు, అమర్చటం తెలియాలి. మొదట దాన్ని సమమట్టంగా బిగించాలి. ముక్కు పైకి లేస్తే ముందువైపు నొక్కుతుంది. బాగా దిగితే జారిపోతూ భారమంతా మణికట్ల మీద పడుతుంది. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దానిమీద మడమ పెడితే కాలు తిన్నగా చాగాలి. అంతకన్న సీటు ఎత్తయితే నడుము అటూఇటూ ఊగి ఒరుపు పుడుతుంది. మెత్తకుట్టిన సైకిలు నిక్కరు లోపల వేరే లోదుస్తులు వేయకూడదు. కుట్లే పుండ్లు చేస్తాయి. పైన చుడీదారు వేసుకొంటే మన మర్యాదకేమీ లోటు రాదు.

ఇవన్నీ చూసుకొని, చిన్న ప్రయాణాలలో నెలరోజులు పరీక్షించి, ఒక శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు వయ్యాలికావల్ నుండి బయలుదేరాము. హెబ్బాళ దాటి సర్వీసు రోడ్డు పట్టుకొని, పంపరపనసలకు పేరుపొందిన దేవనహళ్ళిలో ఇడ్లీ తిన్నాము. ఎడమచేతి వైపు నంది కొండ మంచులో నుండి బయటపడుతున్నది. పావుగంటకొకసారి పెడళ్ళ మీద లేచి నిలబడటం, గంటకొకసారి దిగి నాలుగడుగులు నడవటం మా నియమం. చిక్కబళ్ళాపురం దాటాక ద్రాక్షతోటలు చూస్తూ పోయాము. బెంగుళూరు 900 మీటర్ల ఎత్తున ఉన్నది, బాగేపల్లి దాదాపు 700; కనుక మధ్యమధ్య ఎగుళ్ళున్నా మొత్తంమీద దారి దిగుడే. కర్ణాటకలోనే ఉన్న బాగేపల్లిలో టీకొట్టు ముసలాయన తెలుగులో, "ఎంత దూరమమ్మా ఇట్లా?" అని పలకరించాడు. వదినగారు, "లేపాక్షిదాకా నాయనా, సీటు బాగున్నది" అన్నారు. ఆయనకు అర్థం కాలేదు గాని మాకందరికీ నవ్వు వచ్చింది.

కొడికొండ దగ్గర పడమటికి తిరిగి, మధ్యాహ్నం రెండింటికి నందీశ్వరుని ముందు సైకిళ్ళు ఆపాము. తిరుగుప్రయాణం వ్యానులో. మరునాడు వదినగారికి కాళ్ళు లాగినవి గాని ఎక్కడా పుండు లేదు, తిమ్మిరి లేదు.

తిమ్మిరి గాని, వాపు గాని, మానని పుండు గాని ఉంటే సవారి ఆపి వైద్యురాలికి చూపించుకోవాలి. సిగ్గుపడి దాచుకొంటే చివరకు సైకిలే మూలపడుతుంది. మీ ఇంట ఆడపిల్లో కోడలో నొప్పిగా ఉన్నదంటే, అలవాటవుతుందిలే అనకండి. ఒక అట్టముక్క, ఒక స్కేలు ఇచ్చి కొలుచుకోమనండి.